ఐలవ్వ విప్పమన్న ముడి

ఊఁ కొట్టేవాళ్ళు ఉంటేనే చెబుతాను. మొన్న కథ సగంలో ఉండగానే ఒకడు గుర్రుపెట్టాడు. ఇంకొకతి పల్లీలు ఒలుచుకుంటూ "తర్వాత ఏమైంది, తర్వాత ఏమైంది" అని ప్రాణం తీసింది, నేను చెప్పినప్పుడు మాత్రం వినలేదు. చెప్పిన మాట వినని వాళ్ళతో వేగడం ఎంత కష్టమో ఈ కథలోని మనిషికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అందుకే ఇవాళ ఆమె కథ చెబుతున్నాను.

అనగా అనగా, మీ అవ్వల అవ్వలు ఇంకా తొట్టెల్లో ఊగుతున్న కాలంలో, కోనలమ్మ గుట్ట చుట్టూ మూడు ఊళ్ళు ఉండేవి. గుట్టకు తూర్పున రేగులపల్లె. పడమట నల్లవాగు. గుట్ట వెనకాల మోదుగులగూడెం. మూడు ఊళ్ళకూ కలిపి ఒకే ఒక్క మేర ఇల్లు ఉండేది. మేరవాళ్ళంటే బట్టలు కుట్టేవాళ్ళు. ఆ ఇంటి ఇల్లాలి పేరు ఐలవ్వ.

ఐలవ్వ కుడితే సూది నడిచిన జాడ కనబడేది కాదు. బట్ట తిరగేసి చూసినా ఏది లోపలి వైపో, ఏది బయటి వైపో చెప్పలేకపోయేవారు. దారం ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు, ఎక్కడ ముగిసిందో తెలిసేది కాదు. "మేరోళ్ళ కుట్టంటే గిది" అని జనం చెప్పుకునేవారు.

ఆమెకు లేక లేక ఒక బిడ్డ పుట్టింది. ముత్తెమ్మ అని పేరు పెట్టుకున్నారు. ముత్తెమ్మకు నడక వచ్చిన ఏడాది కోనలమ్మ జాతరకు తీసుకుపోదామనుకున్నారు. ఐలవ్వ ఎర్రగుడ్డతో అంగీ కుట్టింది. మెడపట్టీ మీద పచ్చదారంతో చిలుకను కుట్టింది. ఆ చిలుకలో ఒక్క వంక లేదు.

కోనలమ్మ జాతరంటే ఇసక వేస్తే రాలనంత జనం. నాలుగు దిక్కుల నుంచీ బండ్లు వస్తాయి, నాలుగు దిక్కులకూ పోతాయి. అమ్మవారి ముందు కొబ్బరికాయ కొట్టడానికి రెండు చేతులూ కావలసి వచ్చి, ఐలవ్వ బిడ్డ చెయ్యి వదిలింది. కాయ పగిలేలోపు పిల్ల లేదు.

వెతికారు. గుట్ట ఎక్కి వెతికారు, గుట్ట దిగి వెతికారు, గుట్ట చుట్టూ వెతికారు. పిల్లకు ఇంకా మాటలు రావు. "ఎవల బిడ్డవే నువ్వు" అని ఎవరైనా అడిగితే "అవ్వ" అని చెప్పి ఉంటుంది. ఏ అవ్వ అని ఎవరికి తెలుస్తుంది? జాతర ముగిసింది, బండ్లు కదిలాయి, ముత్తెమ్మ ఏ బండిలో ఏ దిక్కుకు పోయిందో కోనలమ్మకే తెలియాలి. ఆ దిగులుతోనే ఐలవ్వ మగడు మంచం పట్టి పోయాడు. ఐలవ్వ కాళ్ళు అరిగేదాకా ఊళ్ళు తిరిగింది. పిల్ల దొరకలేదు.

ఊఁ అనండి. అట్లా మొహాలు వేలాడేస్తే నేను చెప్పలేను.

ఏడ్చి ఏడ్చి కళ్ళు ఎండిపోయాక ఐలవ్వ ఒకటి అనుకుంది. "నా బిడ్డ ఎట్లనో పోయింది. ఇంగ ఏ తల్లి బిడ్డ గట్ల పోవద్దు" అనుకుంది. అంగీ కుట్టగా మిగిలిన ఎర్రగుడ్డతో ఒక సంచి కుట్టింది. దాని మీద కూడా అట్లాంటి చిలుకనే కుట్టింది. సంచిలో సూదులు, దారపు ఉండలు వేసుకుని మూడు ఊళ్ళకూ బయలుదేరింది.

ఆమె చెప్పింది చాలా చిన్న సంగతి. ప్రతి ఊరికీ ఒక గుర్తు ఉండాలి. ఆ ఊరి తల్లులు తమ పిల్లల అంగీ మెడపట్టీ మీద ఆ గుర్తు కుట్టాలి. పిల్ల తప్పిపోతే, చూసినవాళ్ళు గుర్తు చూసి ఆ ఊరికి చేరుస్తారు. అంతే. చంటిపిల్లలకు కూడా అర్థమయ్యే మాట.

"గంత మంచిదైతే నువ్వే కుట్టిపెట్టరాదు అవ్వా" అన్నారు ఆడవాళ్ళు.

"నేనెన్ని దినాలుంట? నేను పోయినంక పుట్టెటోళ్ళకు ఎవలు కుడ్తరు? సూది పట్టుండ్రి, నేర్పిస్త" అంది ఐలవ్వ.

కోరి కొరివితో తల గోక్కోవడం అంటే అదే.

మొదట రేగులపల్లె వెళ్ళి, గానుగ కొట్టంలో చాప పరిచి కూర్చుంది. ఒక్కరూ రాలేదు. ఇంటింటికీ పోయి అడిగితే, "ఇయ్యాల మంగళారం గదా అవ్వా. మంగళారం ఇనుము ముట్టొద్దు" అన్నారు.

"మంగళారం కూరగాయలు కోస్తలేరా? కత్తిపీట ఇనుముది కాదా?"

"అది తినేతందుకు గదా అవ్వా."

సరేనని నల్లవాగు వెళ్ళింది. "ఇయ్యాల శుక్కురారం. సూది పట్టుకుంటే ఇంట్ల లచ్చిమిని పొడిసినట్టే" అన్నారు. సరేనని మోదుగులగూడెం వెళ్ళింది. "రేపు అమాస. అమాస ముంగట కొత్త పని ఎవలన్న మొదలువెడ్తరా?" అన్నారు.

మంగళవారం కాదు, శుక్రవారం కాదు, అమావాస్య కాదు అన్న రోజులు చూసుకుని మళ్ళీ మూడు ఊళ్ళూ తిరిగింది. ఈసారి వచ్చారు. వచ్చి కూర్చున్నారు. ఐలవ్వ సూది చేతికివ్వబోతే వెనక్కి జరిగారు. సూది చేతికిస్తే ఇద్దరికీ కొట్లాట వస్తుందట, కింద పెట్టాలట. కింద పెట్టింది. చాప సందులో పడి సూది దొరకలేదు. "నువ్వు తీసినవ్" అంటే "నువ్వే తీసినవ్" అని ఇద్దరు కొట్లాడుకున్నారు. ఐలవ్వ నెత్తి కొట్టుకుంది.

ఆ తర్వాత గుర్తుల పేచీ మొదలైంది. రేగులపల్లెకు రేగుపండు గుర్తు ఇచ్చింది ఐలవ్వ. ఎర్రదారంతో గుండ్రంగా కుట్టడమే, అంతకంటే సులువు ఇంకేముంది? "గిది పండా అవ్వా? పిల్లకు బొబ్బ లేసినట్టున్నది" అన్నారు. నల్లవాగుకు వాగు గుర్తు ఇచ్చింది, వంకర్లు తిరిగిన నల్లగీత. "పాము లెక్కున్నది. పిల్లలు జడుసుకుంటరు" అన్నారు. మోదుగులగూడేనికి మూడు రేకల మోదుగాకు ఇచ్చింది. "మోదుగాకుతోని ఇస్తరి కుడ్తరు, తిని పారేస్తరు. మా పిల్లలు ఇస్తర్లా?" అన్నారు.

"ఇస్తర్లు కావు, కుట్టుండ్రి" అంది ఐలవ్వ.

కుట్టారు. ఎట్లా కుట్టారో కూడా చెబుతాను. రేగులపల్లెలో కనకవ్వ అని ఒకతి ఉండేది. మంచిది, నవ్వుమొహం. ఏ పనీ చివరిదాకా చేసేది కాదు. సగం కుట్టి "తతిమ్మది రేపు కుడ్త" అనేది. కనకవ్వ చెప్పిన ఆ రేపు ఎప్పుడూ రాలేదు. నల్లవాగులో పెంటవ్వ. ఆమెకు అత్త మీద ఎంత కోపమో ఆ కోపమంతా దారం మీద చూపించేది. గుంజి గుంజి కుట్టేసరికి బట్ట ముడతలు పడి ముసలివాళ్ళ మొహంలాగా అయ్యేది. మోదుగులగూడెంలో బుచ్చవ్వ. ఈమెది ఇంకో చిత్రం. దారం ముడి బట్టకు లోపలి వైపు వెయ్యాలి కదా? బుచ్చవ్వ పై వైపు వేసేది. అదీ చిన్న ముడి కాదు. మీద మీద వేసి శనగ్గింజంత చేసేది.

"ముడి లోపలుండాలె. ఇప్పు, మళ్ళ కుట్టు" అంది ఐలవ్వ.

బుచ్చవ్వ విప్పింది, కుట్టింది, ముడి పైకి వేసింది.

"ఇప్పు, మళ్ళ కుట్టు."

విప్పింది, కుట్టింది, ముడి పైకి వేసింది.

"ఇప్పు, మళ్ళ కుట్టు. లోపలికెయ్యరాదే ముడి, నీకేమొచ్చింది?"

"లోపలేస్తే ఊడిందో ఉన్నదో ఎట్ల తెలుస్తదవ్వా? కండ్లకు కనబడని ముడిని నేనెట్ల నమ్మాలె?" అంది బుచ్చవ్వ, మళ్ళీ పైకే వేస్తూ.

చెవిటివాడి ముందు శంఖం ఊదినా కనీసం వాడు ఏమిటని చూస్తాడు. వీళ్ళు అదీ చూడరు. ఏళ్ళు గడిచాయి. ఐలవ్వ జుట్టు తెల్లబడింది, నడుము వంగింది. "ఇప్పు, మళ్ళ కుట్టు" అని ఆమె అనడం, మూడు ఊళ్ళ పిల్లలు ఆమె వెనకాల నడుస్తూ "ఇప్పు, మళ్ళ కుట్టు" అని వెక్కిరించడం, రెండూ ఆగలేదు. ఎట్లాగైతేనేం, ఏదో ఒక మాదిరిగా రేగుపండ్లూ వాగులూ మోదుగాకులూ పిల్లల మెడల మీదికి ఎక్కాయి. ఐలవ్వ కొంచెం ఊపిరి పీల్చుకుంది.

ఆ సుఖం ఎక్కువ కాలం లేదు. ఒక ఏడు జాతరకు ముందు, మెడపట్టీలు ఒకసారి చూసివద్దామని రేగులపల్లె పోయింది. ఒక్క రేగుపండు లేదు. పిల్లలందరి మెడల మీదా పచ్చటి చిలుకలు. కనకవ్వ కొడుకు అంగీ మీద మాత్రం తోక లేని చిలుక. "తోక రేపు కుడ్త అవ్వా" అంది కనకవ్వ.

ఐలవ్వ పరుగులాంటి నడకతో నల్లవాగు పోయింది. అక్కడా చిలుకలే. మోదుగులగూడెం పోయింది. అక్కడా చిలుకలే. కుట్టు విప్పమంటే చచ్చినా విప్పనివాళ్ళు, ఆ గుర్తుల్ని మాత్రం ఎవరూ చెప్పకుండానే విప్పి పారేశారు.

"చిలుక కుట్టుమని ఎవలు చెప్పిండ్రే మీకు?" అని అరిచింది ఐలవ్వ.

"ఎవలు చెప్పలే. నీ సంచి మీద ఉన్నది గదా, మంచిగున్నదని కుట్టుకున్నం. నల్లవాగోళ్ళు కుట్టుకున్నరు, మేము కుట్టుకుంటే తప్పా? మా పిల్లలేం తక్కువ?" అన్నారు మోదుగులగూడెం ఆడవాళ్ళు.

"మూడూర్లల్ల ఒకటే చిలుక ఉంటే, తప్పిపోయిన పిల్ల ఏ ఊరిదని చెప్పాలె? రేగుపండు కుట్టిచ్చింది ఎందుకు? వాగు కుట్టిచ్చింది ఎందుకు? మీ తెలివి తెల్లారినట్టే ఉన్నది."

అప్పుడు బుచ్చవ్వ, తన చిన్న బిడ్డను చంకన వేసుకుని నిలబడి, ఒక మాట అనేసింది. "మా పిల్లలెందుకు తప్పిపోతరవ్వా? మేమేమన్న చెయ్యి ఇడిసిపెడ్తమా?"

అనాలని అన్నమాట కాదు. నోట్లోంచి వచ్చేశాక బుచ్చవ్వే నాలుక కరుచుకుంది. ఐలవ్వ ఆమె మొహంలోకి ఒకసారి చూసింది. చాప చుట్టుకుంది, సంచి తీసుకుంది, వెళ్ళిపోయింది. దారిలో ఆమె ఎంత ఏడ్చిందో చూసినవాళ్ళు లేరు. నాకు మాత్రం ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ బుచ్చవ్వను రెండు తగిలించాలనిపిస్తుంది.

ఊఁ అన్నారా? సరే.

జాతర వచ్చింది. ఎప్పుడు జాతర జరిగినా ఐలవ్వ ఒక పని చేసేది. గుట్ట దిగే దారి పక్కన ఒక బండ ఉంది. ఆ బండ మీద కూర్చునేది. జనమంతా పోయి, చివరి బండి కదిలేదాకా కూర్చునేది. ఎందుకు కూర్చుంటావని ఆమెను ఎవరూ అడిగేవారు కాదు.

ఆ ఏడూ అట్లాగే కూర్చుంది. జనం పలచబడ్డారు. మూడు ఊళ్ళ బండ్లూ వెళ్ళిపోయాయి. దూరదేశం పోయే ఉప్పు బండ్లవాళ్ళు మాత్రం ఎద్దులను పూన్చుకుంటున్నారు. అప్పుడు డప్పు కొట్టే సాయిలు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"ఐలవ్వా, అంగడి కాడ ఓ పిల్ల దొరికిందే. ఒక్కతే కూసోని ఏడుస్తున్నది. మెడ మీద చిలుక ఉన్నది."

మెడ మీద చిలుక అన్న మాట వినగానే ఐలవ్వ దిగ్గున లేచింది. నాలుగడుగులు వేసింది. తర్వాత తనకే నవ్వొచ్చింది. ముత్తెమ్మ బతికి ఉంటే ఈపాటికి ముత్తెమ్మకే ఇంతంత పిల్లలు ఉంటారు. కన్నీళ్ళు తుడుచుకుని సాయిలు వెంట నడిచింది.

పిల్లకు ఏడాదిన్నర ఉంటుంది. మొహమంతా దుమ్ము, చీమిడి, కన్నీళ్ళు. గుర్తుపడదామంటే, ఆ మధ్య అమ్మవారికి తలనీలాలు ఇచ్చారేమో, గుండు. జాతరలో సగం మంది పిల్లలవి గుండ్లే. ఉప్పు బండ్లవాళ్ళలో ఒకామె పిల్లను ఎత్తుకుని ఊరుకోబెడుతోంది. జాతర పెద్దమనిషి పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఎవల బిడ్డవే?" అని అడుగుతుంటే పిల్ల "అవ్వ" అంటోంది. ఎన్నిసార్లు అడిగినా "అవ్వ" అనే అంటోంది.

"మాకు పిల్లల్లేరు పెద్దమ్మా. ఎవలు రాకపోతే మేము తీస్కపోతం. కడుపుల పెట్టుకోని సాదుకుంటం" అంది ఉప్పు బండ్ల ఆమె. మంచి మనిషి. అబద్ధం చెప్పే మొహం కాదు. ముత్తెమ్మను కూడా ఇట్లాంటి మంచి మనిషే ఎత్తుకుపోయి ఉంటుందా అనిపించింది ఐలవ్వకు.

"జర ఆగు బిడ్డా" అంది.

"ఆగేతందుకు లేదు ఐలవ్వా. బండ్లు పొద్దు వాలకముందే వాగు దాటాలె. ఇక్కడ పిల్లను ఎవలు చూస్తరు? చిలుక చూసి ఏ ఊరో చెప్తవా మరి?" అన్నాడు పెద్దమనిషి.

"ఏం చెప్పాలె? మూడూర్లల్ల చిలుకే ఉన్నది, వాళ్ళను చూసి దూరపూర్లోళ్ళు గూడ కుట్టుకున్నరు. నెత్తీ నోరు కొట్టుకున్న, ఇన్నరా?" అని ఐలవ్వ కసిరింది. ఆ మాట పెద్దమనిషి మీద కాదు, మూడు ఊళ్ళ మీద. కసురుతూనే పిల్ల మెడపట్టీ పట్టుకుని చూసింది.

బట్ట మీద ముడతలు ఉన్నాయా అని చూసింది. లేవు. అయితే పెంటవ్వ కాదు.

చిలుక సగంలో ఆగిందా అని చూసింది. తోక ఉంది, ముక్కు ఉంది, కాళ్ళు కూడా ఉన్నాయి. అయితే కనకవ్వ కాదు.

అప్పుడు తోక చివర ఆమె వేలికి ఏదో తగిలింది. శనగ్గింజంత ముడి. బట్టకు పై వైపున, ఊరంతటికీ కనబడేటట్టు, మీద మీద వేసిన ముడి.

ఐలవ్వ ఆ ముడి మీద నుంచి వేలు తియ్యలేదు. "మోదుగులగూడెం" అంది.

"ఖాయమేనా? తప్పయితే ఉప్పు బండ్లు మళ్ళ రావు. పిల్ల ఇటు తల్లికి గాకుండ, అటు వీళ్ళకు గాకుండ అయితది" అన్నాడు పెద్దమనిషి.

"ఖాయమే. బుచ్చవ్వ బిడ్డ. ఈ ముడిని నేను ఎన్నిమాట్ల ఇప్పిచ్చిన్నో కోనలమ్మకు ఎరుక."

ఉప్పు బండ్ల ఆమె పిల్లను ఒకసారి గట్టిగా హత్తుకుని ఇచ్చేసింది. తన కొంగున కట్టుకున్న బెల్లం ముక్క పిల్ల నోట్లో పెట్టి, వెనక్కి చూడకుండా బండి ఎక్కింది. ఐలవ్వ పిల్లను చంకన వేసుకుని మోదుగులగూడెం దారి పట్టింది.

సగం దారిలో బుచ్చవ్వ ఎదురైంది. జుట్టు విరబోసుకుని, కొంగు నేల మీద ఈడ్చుకుంటూ పరుగెత్తి వస్తోంది. పిల్ల ఆడబిడ్డ బండిలో ఉందని ఈమె అనుకుందట, వదిన దగ్గరే ఉందని ఆడబిడ్డ అనుకుందట. ఊరు చేరి బండ్లు విప్పాక చూసుకుంటే పిల్ల ఏ బండిలోనూ లేదు. బుచ్చవ్వ పిల్లను లాక్కుని దారి మధ్యలో కూలబడింది. పిల్లను ముద్దు పెట్టుకుంది, ఐలవ్వ కాళ్ళు పట్టుకుంది, మళ్ళీ పిల్లను ముద్దు పెట్టుకుంది.

"చెయ్యి నేను కూడ ఇడిసిపెట్టిన అవ్వా. నాడు నోటికొచ్చింది అన్న. నా నాలుక తెగ్గొయ్యి" అని ఏడ్చింది.

"నీ నాలుక నాకెందుకు? లే. ముడి పైకేసినవ్ గదనే" అంది ఐలవ్వ.

"ఇప్పి మళ్ళ కుడ్త అవ్వా. ఇప్పుడే ఇప్పుత. నువ్వు చెప్పినట్టే లోపలేస్త."

"ఇప్పితే కాళ్ళిరగ్గొడ్త" అంది ఐలవ్వ.

అని, ఆ ముసలామె కూడా దారి మధ్యలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. బుచ్చవ్వకు ఏమీ అర్థం కాలేదు. కళ్ళు తుడుచుకుని ఐలవ్వ తనే చెప్పింది. "నా బిడ్డ అంగీల ఒక్క తప్పు లేకుండె బుచ్చవ్వా. చూసినోళ్ళు మేరోళ్ళ కుట్టనే అనుకుంటరు. ఏ మేరోళ్ళది? మేరోళ్ళందరం ఒక్క తీరుగనే కుడ్తం. ఒక్క ముడి, ఒక్క వంకర, ఏదన్న ఒక్కటి నాదని ఉంటే, ఎవలో ఒకలు ఐలవ్వదని గుర్తుపడుదురు. నా బిడ్డను తోలిచ్చుదురు. నేనే మంచిగ కుట్టుకోని పోగొట్టుకున్న."

బుచ్చవ్వ తన పిల్లను తీసి ఐలవ్వ ఒళ్ళో కూర్చోబెట్టింది.

కథ ఇక్కడ అయిపోతే బాగుండేది. కానీ మూడు ఊళ్ళ ఆడవాళ్ళు అంత తొందరగా బాగుపడతారా?

సంగతి ఊరూరా పాకింది. బుచ్చవ్వ బిడ్డను ముడి కాపాడిందట, ముడిలో మహిమ ఉందట. మళ్ళీ ఐలవ్వ వెళ్ళి చూసేసరికి రేగులపల్లెలో ప్రతి చిలుకకూ తోక చివర శనగ్గింజంత ముడి. నల్లవాగులో ముడి. మోదుగులగూడెంలో ముడి. కనకవ్వ తోక కూడా కుట్టకుండానే, తోక ఉండాల్సిన చోట ముడి మాత్రం వేసింది.

ఐలవ్వ చాప మీద కూలబడింది. "ఓరి దేవుడా. తప్పు కూడ పక్కదాన్ని చూసి కుడ్తరే?" అంది. మూడు ఊళ్ళకూ కలిపి ఎంతమంది తెలివిగలవాళ్ళు ఉన్నారో లెక్క వెయ్యడానికి ఆమెకు ఒక్క చేతి వేళ్ళు ఎక్కువయ్యాయి.

అప్పుడు ఆమె కొత్త పద్ధతి పెట్టింది. మూడు ఊళ్ళవాళ్ళనూ ఒకచోటికి పిలిచి గుండ్రంగా కూర్చోమంది. మొహాలు లోపలికి కాదు, బయటికి. వీపులు లోపలికి. ఒకరి చేతులు ఒకరికి కనబడకూడదు. "పక్కకు చూస్తే సూదితోని పొడుస్త. ఎవల తప్పు వాళ్ళే కుట్టుండ్రి" అంది.

కుట్టారు. పెంటవ్వ గుంజి గుంజి కుట్టింది. కనకవ్వ సగం కుట్టి ఆపింది. బుచ్చవ్వ ముడి పైకి వేసింది. ఒకతి చిలుకకు రెండు ముక్కులు పెట్టింది. ఒకతిది చిలుకో కోడో తెలియలేదు. కుట్టడం అయ్యాక ఐలవ్వ ఆ అంగీలన్నీ చేతులు మార్చి మార్చి అందరికీ చూపించమంది. చూసినవాళ్ళు పగలబడి నవ్వారు. కుట్టినవాళ్ళు మొహం దాచుకున్నారు.

"నవ్వుండ్రి, మంచిగ నవ్వుండ్రి. నవ్వినది యాదికుంటది. రేపు నేనుండను. తప్పిపోయిన పిల్లను చూసి ఇది ఫలానిదాని తప్పని మీరే గుర్తుపట్టాలె" అంది ఐలవ్వ. ఆమె మాత్రం నవ్వలేదు. ఆ రెండు ముక్కుల చిలుకను విప్పాలని ఆమె వేళ్ళు జిలపెట్టాయి. పాపం, చేతులు ఒళ్ళో ముడుచుకుని కూర్చుంది.

ఒక ఏడు ఐలవ్వ బండ మీద కూర్చున్నది కూర్చున్నట్టే, చివరి బండి పోయాక, ఒరిగిపోయింది. ఆమెకంటూ పిల్లలు మిగల్లేదు, మేరవాళ్ళు దగ్గరలో లేరు. మూడు ఊళ్ళ ఆడవాళ్ళూ వచ్చారు. మంగళవారమే అయింది ఆ రోజు. ఇనుము ముట్టకూడదని ఎవరూ అనలేదు. ఆమె మీద కప్పడానికి తలా ఒక గుడ్డముక్క తెచ్చి, అక్కడే కూర్చుని కలిపి బొంత కుట్టారు. ఆ బొంతలో ఒక్క కుట్టు సరిగ్గా లేదు. ఒకచోట ముడతలు, ఒకచోట ముడులు, ఒకచోట సగంలో ఆగిన కుట్టు. కనకవ్వ ఏడుస్తూ సగంలో ఆపి, తర్వాత ఏమనుకుందో, ఆ ఒక్కసారి చివరిదాకా కుట్టింది. విప్పమనే మనిషి లేదు. విప్పమంటే బాగుండునని అందరికీ అనిపించింది.

ఇప్పటికీ ఆ మూడు ఊళ్ళలో జాతరకు ముందు రోజు ఆడవాళ్ళు గుండ్రంగా, వీపులు లోపలికి పెట్టి కూర్చుంటారు. మెడపట్టీల మీద చిలుకలు కుడతారు. అంగీలు చేతులు మారుస్తారు, కడుపు పట్టుకుని నవ్వుతారు. జాతరలో పిల్ల దొరికితే మొహం తుడవడానికి ముందు మెడపట్టీ చూస్తారు. "గిది మా పెద్దొదినె వంకర" అని ఎవరో ఒకరు చెబుతారు, పిల్ల ఇల్లు చేరుతుంది. చేరని పిల్ల లేదంటారు.

కొత్తగా వచ్చిన కోడలు ఎవరైనా సిగ్గుపడి, తన వంకర కుట్టును విప్పబోతే, పక్కనున్న ముసలివాళ్ళు చెయ్యి పట్టుకుని ఆపుతారు. "ఇప్పకు. పిల్లను ఇంటికి రానియ్యి" అంటారు. ఆ మాట ఇప్పుడు కుట్టుకే కాదు, మనుషులకూ వాడుతున్నారు. ఎవరి మాట తీరునో నడక తీరునో ఎవరైనా దిద్దబోతే కూడా అదే అంటారు. ఇప్పకు, ఇంటికి రానియ్యి.

కథ కోనలమ్మ గుట్ట ఎక్కింది, మనం మంచాలు ఎక్కుదాం. ఆ పల్లీల పొట్టు ఎవరు చిమ్ముతారు?